ఎక్కేటప్పుడు జుట్లు

అనగనగా ఒక కొండ. కొండకు బాట ఉంది గానీ, బాటకు పేరు లేని రోజులవి. పైకి లారీ రాదు, బండి రాదు. పండిన అనాస పళ్ళన్నీ కావిడి మీదే కింద సంతకు దిగాలి. వాన వెలిసిన పొద్దున కొండంతా అనాస వాసన కమ్ముకునేది. ఆ వాసన తలుచుకుంటే ముసలివాళ్ళకు ఇప్పటికీ ముందు నోట్లో నీళ్ళూరతాయి, ఆ తరవాత కళ్ళలో.

ఆ కొండ మీది ఊళ్ళో కావిడి మోసే ఎండయ్య ఉండేవాడు. అతని పెళ్ళాం తవిటమ్మ. ఊళ్ళో అందరికీ తలో చెక్క అనాస తోట ఉంది. ఎండయ్యకు కావిడిబద్ద ఒక్కటే ఉంది. వాళ్ళ పళ్ళు, వీళ్ళ పళ్ళు, అందరి పళ్ళూ అతని భుజం మీదే దిగేవి.

సంతలో కొన్నవాళ్ళు పండును అక్కడే కోయించుకు తినేవారు. పండు నెత్తిన ఆకుల జుట్టుంటుంది చూడండి, దాన్ని మెలితిప్పి పారేసేవారు. సాయంత్రానికి సంత నిండా జుట్లే. ఎండయ్య వాటిని ఏరి, ఖాళీ కావిట్లో వేసుకుని కొండెక్కేవాడు. బాట వెంట గెడ్డ పారుతుంటుంది. ఆ చెమ్మ నేలలో కర్రతో ఒక గుంట, గుంటలో ఒక జుట్టు, పైన కాలితో ఒక తొక్కు. కాస్త దూరం నడిచి మళ్ళీ గుంట, జుట్టు, తొక్కు.

ఊరు నవ్వింది. నవ్వదూ మరి! కొండ మీద తెలివున్నవాడెవడూ జుట్టు నాటడు. మొక్క మొదట్లో వచ్చే పిలకే నాటుతాడు. పిలకైతే తొందరగా కాపుకొస్తుంది. జుట్టు నాటినవాడు ఎదురుచూస్తూ కూర్చోవాలి. "దిగేటప్పుడు పళ్ళు, ఎక్కేటప్పుడు జుట్లు!" అని పిల్లలు పాట కట్టి అతని వెంటపడేవారు.

తవిటమ్మకు తల కొట్టేసినట్టుండేది.

"మావా, దిగినప్పుడు ఎలాగూ బరువే. ఎక్కినప్పుడైనా ఒళ్ళు తేలిగ్గా రారాదా? ఆ పళ్ళు నువ్వు తింతావా, నాను తింతానా?"

"ఎవులో ఒకులు తింతార్లేయే. దాహమేసినోడు తింతాడు."

"మరి మనకేటి?"

"నడిసొచ్చీ బాట పచ్చగుంటాది గదా."

ఆ మాటకు ఆమెకు ఒళ్ళు మండేది. అతను పోయాక ఆ మాటే తలుచుకుని ఏడ్చేది.

అవును, పోయాడు. ఒక చలికాలం జ్వరంతో పడుకుని మరి లేవలేదు.

ఆ ఊళ్ళో ఎవరు పోయినా వాళ్ళ పేరున ఒక రాయి నిలబెడతారు. అది వాళ్ళ సొంత తోట గట్టు మీదే నిలబెట్టాలి. ఏటేటా పిలకలు నాటే ముందు ఆ రాయికి నీళ్ళు పోసి, పేరు పెట్టి పిలిచి, అప్పుడు నేల తవ్వుతారు. రాయి లేని మనిషిని పిలిచేవాళ్ళుండరు. నాలుగేళ్ళు పిలవకపోతే అలాంటి మనిషి ఉన్నాడన్న సంగతే ఊరు మరిచిపోతుంది. తవిటమ్మ దిగులంతా అదే.

ఆమె ఊరి పెద్ద గంగన్న దగ్గరికి వెళ్ళింది.

"పెద్దయ్యా, మా మావకి రాయి నిలబెట్టాల."

"రాయికేటి తల్లీ, కొండ నిండా రాళ్ళే. గట్టేదీ?"

తవిటమ్మ తిరిగొచ్చింది. కొన్నాళ్ళు ఆగి మళ్ళీ వెళ్ళింది. గంగన్న చెడ్డవాడేం కాదు. మెత్తగానే అన్నాడు, "గట్టేదీ తల్లీ?" ఆమె మళ్ళీ ఉత్త చేతులతో తిరిగొచ్చింది.

ఆ ఏడు సంతకు ఒక కొత్త షావుకారు వచ్చాడు. ఎన్ని పళ్ళు దించితే అన్నీ కొంటానన్నాడు. ఊరికి ఆశ పుట్టింది. కొత్త తోటల కోసం ఎండాకాలంలో తుప్పలు కొట్టి నిప్పు పెట్టారు. నిప్పు పెట్టే ముందు చుట్టూ ఎండుటాకులు ఊడ్చి మట్టి తేల్చాలి, అది తాతల నాటి పద్ధతి. ఆ ఏడు తొందర. గంగన్నే "గాలి లేదు, అంటించీయండి" అన్నాడు. మధ్యాహ్నం గాలి లేచింది. పొద్దుగూకేసరికి పాత తోటలు లేవు, కొత్త తోటలు లేవు, నాటడానికి ఒక్క పిలక లేదు. చుట్టుపక్కల కొండలదీ అదే గతి.

వానలు పడ్డాయి. నేల మెత్తబడింది. నాటేదేముంది, బూడిద!

"ఎలిపోదుం. పల్లంలో వరి నాట్లకి మనుషులు గావాలంట," అన్నాడు గంగన్న. అలా దిగిన ఊళ్ళు మళ్ళీ పైకెక్కవని అందరికీ తెలుసు. అయినా మూటలు కట్టారు. తవిటమ్మా కట్టింది. ఊరే లేకపోతే ఇంక రాయి నిలబెట్టేదెవరని ఆమె గుండె చెరువైంది.

ముందు గంగన్న, వెనక ఊరు, అందరికంటే వెనక తవిటమ్మ. బాట మలుపు తిరిగేసరికి ఆమె కాళ్ళు ఆగిపోయాయి.

గెడ్డ చెమ్మకు నిప్పు అటు దిగలేదు. బాట వెంట, మలుపు తరవాత మలుపు, అనాస మొక్కలు పచ్చగా ఉన్నాయి. ఊరందరూ ఏళ్ళుగా చూస్తున్నవే. దారిన పోయేవాడు కోసుకు తిన్నవే, కోతులు పీకినవే. ఎవరివీ కావు గనక ఎవరి కంటికీ ఆనలేదు. తవిటమ్మ కూర్చుని ఒక మొక్క మొదట్లో చెయ్యి పెట్టి తడిమింది.

"పెద్దయ్యా! పిలకలు!"

మూటలు దబదబా కింద పడ్డాయి. జనం మొక్కల మీదికి ఉరికారు.

"ఆగండి!" గంగన్న అరిచాడు. "ఒకరి తోటలో అడక్కుండా సెయ్యెడతారేటి?"

వచ్చి తవిటమ్మ ఎదుట నిలబడ్డాడు. రెండుసార్లు ఆమె అడిగింది. మూడోసారి అడగడం అతని వంతయింది.

"తల్లీ, మీ ఆయన తోటలో పిలకలు మాకిత్తావా?"

ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తేరుకుని అంది, "నన్నడుగుతావేటి పెద్దయ్యా? ఆయన్నడుగు."

"ఎక్కడని అడగమంటావు?"

"ఆయన గట్టు మీద."

గంగన్న గెడ్డలోకి దిగి, మంచి రాయి చూసి, ఎవరినీ పట్టనివ్వకుండా తన భుజానే మోసుకొచ్చాడు. మలుపులో నిలబెట్టారు. నీళ్ళు పోశారు. "ఎండయ్యా! ఎండయ్యా! ఎండయ్యా!" అని ఊరంతా పిలిచింది. ఆ తరవాతే పిలకల మీద చెయ్యి వేశారు, మూటలు విప్పి అందులోనే వాటిని కట్టుకుని వెనక్కి కొండెక్కారు.

ఇప్పుడు తారు రోడ్డు పడింది, వ్యాన్లు వస్తున్నాయి. పాత బాట మాత్రం అలాగే ఉంది. దాని పేరు ఎండయ్య గట్టు. ఆ కొండ మీద అంత పొడుగు తోట ఇంకెవరికీ లేదు. అక్కడి పండు దాహమేసిన వాళ్ళెవరైనా తినొచ్చు. తిన్నవాళ్ళు జుట్టు అక్కడే నాటాలి. గుంట, జుట్టు, తొక్కు.

ఏటా మొదటి కాపు సంతకు బయల్దేరే పొద్దున ఊళ్ళో ముసలమ్మలు వ్యాను చుట్టూ చేరతారు. "దిగేటప్పుడు పళ్ళు!" అంటారు. పిల్లలు వెక్కిరించడానికి కట్టిన పాటే అది. డ్రైవరు ఏ ఊరివాడైనా సరే, చేతులు జోడించి బదులు చెప్పేదాకా ముసలమ్మలు అడ్డు తప్పుకోరు.

"ఎక్కేటప్పుడు జుట్లు!"