మూడు తాళాల ప్రశ్నపెట్టె

అనగనగా అంటే మరీ అంత పాతకాలం ఏమీ కాదు, పరీక్షలు తాటాకుల మీద రాసుకునే కాలం. ఆ కాలంలో తామ్రపురి రాజ్యంలో మాచనామాత్యుడు అనే పరీక్షాధికారి ఉండేవాడు.

ఆయనకు అనుమానం ఎక్కువ. ఎంత ఎక్కువంటే, ఎవరైనా మంచినీళ్లిస్తే ముందు ఇచ్చినవాణ్ణే ఒక గుక్క తాగమనేవాడు. దారిలో ఎవరైనా నమస్కారం పెడితే, వీడికి నాతో ఏం పని పడిందా అని రోజంతా ఆలోచించేవాడు. కూరలో ఉప్పు సరిపోయిందా అని ఇల్లాలు అడిగితే, ఎందుకడుగుతున్నావని ఎదురు ప్రశ్న వేసేవాడు. ఆవిడ పాపం అడగడమే మానేసింది.

తామ్రపురిలో ఒక పెద్ద బడి ఉంది. పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లలు అక్కడ ప్రకృతి సూత్రాలు నేర్చుకునేవారు. రాయి ఎందుకు పడుతుంది, పడవ ఎందుకు తేలుతుంది, బండి ఎందుకు కదులుతుంది, ఇలాంటివి. ఏడాదికొకసారి మాచనామాత్యుడు వెళ్లి మూడు ప్రశ్నలు అడిగేవాడు. నెగ్గినవారిని రాజుగారు చెరువుల పనికి, తూముల పనికి, వంతెనల పనికి తీసుకునేవారు.

ఆ ప్రశ్నలూ జవాబులూ ఒకే తాటాకు మీద ఉండేవి. ఆ ఆకు ఒక పెట్టెలో ఉండేది. పెట్టెకు మూడు తాళాలు. మూడు తాళంచెవులూ ఆయన మొలతాడుకే. పన్నెండేళ్లుగా అదే ఆకు. కొత్త ఆకు రాద్దామంటే, గంటం గీసే చప్పుడు విని పక్కింటివాళ్లు ప్రశ్నలు పసిగడతారని ఆయన భయం.

ఇలా ఉండగా ఒకనాడు కనకసేన మహారాజు ఆయన్ని పిలిపించారు.

"మాచనామాత్యా, పోయిన పరీక్షలో నెగ్గినవాళ్లంతా పనిలో చేరారు. సూత్రాలు అడిగితే గడగడా చెబుతారు. బురదలో దిగబడ్డ బండి చక్రం లేపమంటే గుంజ ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడి చూస్తారు. నాకేదో తేడాగా ఉంది. జవాబులు ఎవరో దొంగిలిస్తున్నారు. ఈసారి దొంగను పట్టుకో. ఆ దొంగ ఎవరైనా సరే, బడి విడిచి పోవలసిందే."

మాచనామాత్యుడు ఇంటికి పరుగెత్తాడు. తన పెట్టెలోంచి దొంగతనమా? మూడు తాళాలూ పట్టి లాగి చూశాడు. దేనికదే బిగిసి ఉంది. అనుమానం ఇంకా పెరిగింది. తాళం పగలగొట్టిన దొంగకన్నా, పగలగొట్టకుండా తీసినవాడే గట్టివాడు కదా.

మర్నాడు పొద్దున్నే పల్లకీలో బయలుదేరాడు. దారిలో బోయీలను ఒకటికి పదిసార్లు అడిగాడు.

"నా పెట్టె ఎవరైనా తెరిచారా?"

"మా రెండు చేతులూ పల్లకీ బొంగు మీదే ఉన్నాయి దొరా," అన్నారు బోయీలు. అదీ నిజమే.

బడికి చేరగానే గురువు బసవయ్యను పట్టుకున్నాడు. "నా పెట్టె నువ్వు ముట్టుకున్నావా?"

"మీ పెట్టె నేను ఏనాడూ ముట్టుకోలేదు అయ్యా," అన్నాడు బసవయ్య. అదీ నిజమే. అడిగినదానికి జవాబు చెప్పి ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

బడిలో ముప్పై ఒక్కమంది పిల్లలున్నారు. ఒకరి మాట ఇంకొకరికి వినపడకుండా, ఒక్కొక్కరినే లోపలికి పిలిచి తలుపు వేశాడు.

మొదటి ప్రశ్న. "ఒక పెద్ద రాయి, ఒక చిన్న రాయి. రెండిటినీ మిద్దె మీదనుంచి ఒకేసారి వదిలితే ముందు ఏది నేల తాకుతుంది?"

"రెండూ ఏకకాలమున భూమిని తాకును," అన్నాడు మొదటి పిల్లవాడు.

రెండోవాడూ అదే అన్నాడు. మూడోవాడూ అదే. 'ఒక్కసారే పడతాయండీ' అని ఒక్కరైనా అనలేదు. ముప్పైమందీ ఏకకాలమున అనే అన్నారు. మాచనామాత్యుడి కనుబొమలు ముడిపడ్డాయి. ఆయన ఆకు మీద ఉన్నవి సరిగ్గా ఆ మాటలే.

చివరగా ఒక అమ్మాయి వచ్చింది. పేరు లక్కమ. ఏటి రేవులో పుట్టి అనే బుట్టపడవ నడిపే ఓబన్న కూతురు. ఆ ఇంట్లో చదువుకున్న మొదటి మనిషి.

"రెండు రాళ్లయితే ఒక్కసారే పడతాయండి. రాయీ ఎండుటాకూ అయితే రాయి ముందు పడుతుంది, ఆకుని గాలి ఆపుతుంది. మా బడి మిద్దెక్కి వదిలి చూశాను," అంది.

ఆకు మీద ఎండుటాకు మాట లేదు. ఈ పిల్లకు ఎక్కువెలా తెలిసిందని ఆయనకు అనుమానం వచ్చింది.

రెండో ప్రశ్న. "నడుస్తున్న బండిలో కూర్చుని నిమ్మకాయ నిటారుగా పైకి ఎగరేస్తే ఎక్కడ పడుతుంది?"

"ఎగురవేసినవాని హస్తముననే పడును," అన్నారు ముప్పైమందీ, ఒకరి తర్వాత ఒకరు, ఒకే రాగంలో.

లక్కమ మాత్రం కాస్త ఆలోచించింది. "బండి ఒకే నడకలో పోతుంటే చేతిలోనే పడుతుందండి. నిమ్మకాయ పైనున్నప్పుడు ఎద్దు ఠక్కున ఆగిందనుకోండి, ముందుకెళ్లి పడుతుంది. నాకు అలా రెండు నిమ్మకాయలు పోయాయి."

మాచనామాత్యుడు ఆమె ముఖంలోకి గుచ్చి గుచ్చి చూశాడు. ఆమె కూడా తిరిగి చూసింది. దొంగలు కళ్లు దించుకుంటారని ఆయన విన్నాడు. ఆరితేరిన దొంగలు దించుకోరని కూడా విన్నాడు. ఏం తేల్చుకోవాలో తోచలేదు.

మూడో ప్రశ్న. "గంగాళంలో నీళ్లున్నాయి. నీళ్లమీద ఒక గిన్నె తేలుతోంది. గిన్నెలో ఒక రాయి ఉంది. ఆ రాయిని తీసి నీళ్లలో వేస్తే గంగాళంలో నీటిమట్టం పెరుగుతుందా, తగ్గుతుందా?"

"పెరగదు, తరగదు, యథాతథముగ నుండును," అన్నారు ముప్పైమంది.

"తగ్గుతుందండి," అంది లక్కమ.

మాచనామాత్యుడు లేచి నిలబడ్డాడు. దొంగ దొరికింది. జవాబులు కాజేసి అందరికీ పంచి, తనమీదికి రాకుండా ఉండాలని తను ఒక్కతే తప్పు చెప్పింది. లేకపోతే ఇంత తెలివైన పిల్ల ఇంత తేలిక ప్రశ్న తప్పుతుందా? రాయి ముందూ గంగాళంలోనే ఉంది, తర్వాతా గంగాళంలోనే ఉంది. మట్టం ఎందుకు మారుతుంది?

సాయంత్రానికి మహారాజు స్వయంగా బడికి వచ్చారు. పిల్లలంతా వరండాలో వరుసగా కూర్చున్నారు. మాచనామాత్యుడు లక్కమ వైపు వేలు చూపించాడు.

"ప్రభూ, దొంగ ఈ అమ్మాయే. రేపటినుంచి బడిలో అడుగు పెట్టకుండా ఆజ్ఞ ఇవ్వండి."

లక్కమ ముఖం పాలిపోయింది. బడి పోతే మళ్లీ రేవులో తెడ్డు పట్టుకోవాలి. ఆమెకు తెడ్డంటే చిన్నచూపు లేదు. కానీ పుట్టి ఎందుకు తేలుతుందో ఇంకా పూర్తిగా తెలియలేదు. అదే ఆమె దుఃఖం.

"అమ్మాయ్, నువ్వు అమాత్యుల పెట్టె తెరిచావా?" అన్నారు రాజుగారు.

"లేదు ప్రభూ."

"మరి అందరూ చెప్పిన జవాబు నువ్వెందుకు చెప్పలేదు?"

"నేను చూసింది అది కాదు ప్రభూ. ఒక గంగాళం ఇప్పించండి. తమరే చూడండి."

గంగాళం తెచ్చారు. నీళ్లు పోశారు. రాయి ఉన్న గిన్నెను తేలేశారు. నీటి అంచు ఎక్కడుందో అక్కడ లక్కమ సున్నంతో గీత గీసింది. రాయిని తీసి మెల్లగా నీళ్లలో వదిలింది.

నీరు గీత దిగింది.

"గంగాళానికి చిల్లుంది," అన్నాడు మాచనామాత్యుడు వెంటనే. వంగి అడుగు తడిమాడు. పొడిగా ఉంది. అయినా నమ్మక రాజుగారి వంటశాల నుంచి ఇంకో గంగాళం తెప్పించాడు. అందులోనూ నీరు గీత దిగింది.

"ఆ రాయి నీళ్లు తాగుతోంది," అన్నాడు ఈసారి. తన పెట్టెకున్న ఇనుప తాళాల్లో పెద్దది ఊడదీసి, తన చేత్తోనే గిన్నెలో పెట్టాడు. కొత్త గీత గీశాడు. తాళాన్ని తన చేత్తోనే నీళ్లలో వేశాడు. నీరు ఇంతకు ముందుకన్నా ఎక్కువే దిగింది.

ఆయన చెయ్యి నీళ్లలోనే ఉండిపోయింది. పక్కకు తిరిగి, గొంతు తగ్గించి అడిగాడు. "ఎందుకిలా అవుతోంది?"

"బరువు గిన్నెలో ఉన్నప్పుడు, ఆ బరువుకు సరిపడా నీటిని గిన్నె పక్కకు నెడుతుందండి," అంది లక్కమ. "అదే నీళ్లలో మునిగిందనుకోండి, దాని ఒళ్లెంతో అంత నీటినే నెడుతుంది. మీ తాళం ఒళ్లు చిన్నది, బరువు పెద్దది. మా నాన్న పుట్టిలోంచి రాళ్లు దించినప్పుడల్లా పుట్టి పైకి లేస్తుంది. అది చూసి, ఇంట్లో తొట్టి పెట్టుకుని చేసి చూశాను."

మహారాజు గీత వైపు చూశారు. ముప్పైమంది పిల్లల వైపు చూశారు. తర్వాత మెల్లగా అన్నారు.

"ముప్పైమందీ ఒకే తప్పు చెప్పారు. అమాత్యా, నీ ఆకు మీద ఏముంది?"

మాచనామాత్యుడు మిగతా తాళాలు తీసి ఆకు ఇచ్చాడు. ఆకు మీదా అదే తప్పు ఉంది.

"ఎవరూ పెట్టె తెరవలేదంటున్నారు. సరే, నేను పెట్టె సంగతి అడగను. పిల్లలూ, ఈ జవాబులు మీకు ఎవరు చెప్పారు?"

ఆ ప్రశ్న అంతవరకూ ఎవరూ అడగలేదు. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఒక్కొక్క చెయ్యే లేచింది. ముప్పై వేళ్లూ మాచనామాత్యుడి వైపే చూపించాయి.

బసవయ్య ముందుకొచ్చి చెప్పాడు. "ప్రభూ, పరీక్షలో పక్షపాతం చూపారని తనమీద ఎవరికీ అనుమానం రాకూడదని, ప్రతి పరీక్ష అయ్యాక అమాత్యులవారే పెట్టె తెరిచి జవాబులు పైకి చదివేవారు. ఒకటికి మూడుసార్లు, స్పష్టంగా చదివేవారు. నెగ్గిన పిల్లలు బడి విడిచేటప్పుడు తర్వాతివాళ్లకు అవి వల్లె వేయించి పోవడం ఇక్కడ ఆనవాయితీ అయింది. పెద్దలు చదివిన మాట కదా, అందులో తప్పుంటుందని నేనూ అనుకోలేదు. తప్పు నాది కూడా."

మాచనామాత్యుడు ఆకును తిప్పి తిప్పి చూశాడు. అక్షరం ఇంకెవరిదో అయి ఉంటుందని ఇంకా ఎక్కడో ఆశ. అక్షరం ఆయనదే. పన్నెండేళ్ల కిందట, తన గురువు చెప్పగా విని రాసుకున్నది. ఇచ్చిన మంచినీళ్లను కూడా నమ్మని మనిషి, ఈ ఒక్క ఆకును మాత్రం గంగాళం దగ్గరకు తీసుకుపోలేదు. సిగ్గుతో ఆయన తల వంగిపోయింది.

"అబద్ధమాడి తప్పించుకునే దారి కూడా నాకు లేదు ప్రభూ," అన్నాడు. "దొంగను నేనే. ఈ అమ్మాయిని ఊరికే నిందించాను. తమ ఆజ్ఞ ప్రకారం నేనే బడి విడిచి పోతాను."

"దొంగ బడి విడిచి పోవాలన్నాను, నిజమే," అన్నారు మహారాజు. "నువ్వు బడిలో ఎప్పుడున్నావు గనక విడిచిపోవడానికి? ముందు వెళ్లి కూర్చో."

ఆ ఏడాది పరీక్షలో నెగ్గింది లక్కమ ఒక్కతే. మిగిలిన ముప్పైమందికీ నోటితో కాదు, చేతులతో చేసి చూపాలని మళ్లీ పరీక్ష పెట్టారు. మర్నాడు పొద్దున వాళ్లతో పాటు ఇంకొకరు పలకా బలపం చంకన పెట్టుకుని, తలపాగా సర్దుకుంటూ, మోకాళ్లు పట్టుకుని మెల్లగా చాప మీద కూర్చున్నారు. పుట్టి సంగతి పూర్తిగా తెలిసేదాకా బడిలోనే ఉంటానన్న లక్కమ నవ్వు ఆపుకుని కాస్త పక్కకు జరిగి చోటిచ్చింది.

పిల్లలూ, ఊరందరినీ అనుమానించే మనిషి తనకు తెలుసనుకున్నదాన్ని కూడా ఒక్కసారి అనుమానించి చూసుకోవాలి. విని వల్లించిన జవాబు ఎంతమంది చెప్పినా నిలవదు, చేసి చూసి తెలుసుకున్న జవాబు ఒక్కరే చెప్పినా నిలుస్తుంది.