నవ్వు బొమ్మ మీద వేలు

విజయవాడ ఆటోనగర్‌లో లారీలకి వైరింగు చేసే నాంచారయ్యకి చెయ్యి ఎంత మంచిదో నోరు అంత ఆకతాయిది. ఎదురుపడ్డవాణ్ణి ఆటపట్టించకుండా ఒక్క పూట కూడా ఉండలేకపోయేవాడు. మనసులో మాత్రం చుక్క విషం ఉండేది కాదు. బట్టతల మేస్త్రీ పక్కన నిలబడితే లారీకి హెడ్‌లైట్లు అక్కర్లేదనేవాడు. టీకొట్టు రోశమ్మ టీలో పాలు పడలేదనీ, పాలపేకెట్టు నీడ పడిందనీ అనేవాడు. అందరూ తిట్టేవారు, నవ్వేవారు, మళ్ళీ వచ్చి వాడి పక్కనే కూర్చునేవారు.

వాడి నోట అందరికన్నా ఎక్కువ పడేది వాడి బావ ఏడుకొండలు. అక్క సామ్రాజ్యం భర్త. అదే షెడ్డులో లారీలకి రంగులు వేసి, వెనక తలుపుల మీద నెమళ్ళూ తామరలూ గీసేవాడు. ఆ నెమలిని చూస్తూ వెనకబండి డ్రైవరు హారను కొట్టడం మరిచిపోతాడని చెప్పుకునేవారు. బావామరుదులన్నాక పరాచికాలు ఉండవా? ఉంటాయి. అయితే ఏడుకొండలు మాటకి మాట అందించే మనిషి కాదు. తల వంచుకుని నవ్వేసి తన కుంచె తను తిప్పుకునేవాడు. ఆ నవ్వు చూసి, తన హాస్యమంటే బావకి ప్రాణమని నాంచారయ్య అనుకునేవాడు.

ఒకనాడు ఏడుకొండలు లారీ క్యాబిన్ పైకెక్కి రంగు వేస్తూ కాలు జారి కింద పడ్డాడు. కుడి ముంజేతి ఎముకలు రెండూ విరిగాయి. ఆస్పత్రిలో మర్నాడు పొద్దున్నే ఆపరేషన్ చేసి, ప్లేట్లు వేసి, కట్టు కట్టారు.

మత్తు ఇచ్చినావిడ డాక్టర్ పరిమళ. ఆపరేషన్ అయ్యాక నొప్పిని ఎంతవరకు తగ్గించాలి, ఎంతవరకు ఉంచాలి అన్నదాని మీద ఆవిడ పరిశోధన చేస్తున్నారు. మర్నాటిదాకా చెయ్యి మొద్దుబారిపోయే మందు కూడా ఉంది. ఏడుకొండలుకి అది ఇవ్వలేదు. ఎందుకివ్వలేదో సామ్రాజ్యాన్నీ నాంచారయ్యనీ కూర్చోబెట్టి చెప్పారు.

"విరిగిన చేతిలో ఒక్కోసారి వాపు పెరిగిపోయి లోపలి కండని నొక్కేస్తుందమ్మా. బయటికి ఏమీ తెలీదు. వేళ్ళ రంగు కూడా బాగానే ఉంటుంది. ముందుగా కబురు చెప్పేది నొప్పి ఒక్కటే. అందుకే దాన్ని పూర్తిగా నిద్రపుచ్చలేదు. అది పెరుగుతోందంటే ఆలస్యం చెయ్యకుండా మాకు చెప్పాలి."

సామ్రాజ్యం భక్తిగా తలూపింది. నాంచారయ్య కూడా ఊపాడు. అప్పటికే వాడి కళ్ళు నర్సు సలోమి చేతిలో ఉన్న అట్టముక్క మీద ఉన్నాయి.

ఆ అట్ట మీద వరసగా ముఖాల బొమ్మలున్నాయి. మొదటి ముఖం పళ్ళు కనబడేలా నవ్వుతోంది. పోనుపోను నవ్వు తగ్గి, మూతి ముడుచుకుని, చివరి ముఖం బొటబొటా ఏడుస్తోంది. నొప్పి ఎంతుందో రోగి వేలితో చూపించాలి. పరిశోధనలో అదో పద్ధతి. నాంచారయ్యకి అంతకన్నా మంచి బొమ్మలాట దొరుకుతుందా? నవ్వే ముఖం జీతాలనాటి మేస్త్రీదన్నాడు. మూతి ముడిచినది రోశమ్మదన్నాడు. ఏడ్చే ముఖం బావ పెళ్ళిఫోటోలో ఉన్నదేనని, కావాలంటే అక్కనడగమని సలోమితో చెప్పాడు. సలోమి నవ్వాపుకోలేకపోయింది.

మధ్యాహ్నానికి మత్తు దిగింది. సలోమి అట్ట చూపించగానే ఏడుకొండలు కాసేపు ఆలోచించి ఏడుపు ముఖానికి ముందున్న బొమ్మ మీద వేలు పెట్టాడు.

"అయ్యో బావా, ఇంకొక్క బొమ్మ దాటితే పెళ్ళిఫోటోయే," అన్నాడు నాంచారయ్య.

పక్క మంచం మీదాయన కుట్లు పట్టుకుని మరీ నవ్వాడు. నాంచారయ్య అంతటితో ఊరుకోలేదు. షెడ్డుకి ఫోన్ చేసి బావ ఏడుపు దాకా వచ్చాడని చెప్పాడు. సాయంత్రం నలుగురూ అరటిపళ్ళు పట్టుకుని వచ్చారు. ఇంట్లో సామ్రాజ్యం ఉల్లిపాయలు కోస్తుంటే కన్నీళ్ళు ఏడుకొండలువేనటగా అని ఒకడు, ఇంజెక్షనుకి వీధి చివరిదాకా పరిగెత్తాడటగా అని ఒకడు అందుకున్నారు. మంచం చుట్టూ ఒకటే నవ్వులు. ఏడుకొండలు కూడా ఎప్పటిలాగే తల వంచుకుని నవ్వాడు.

సలోమి నొప్పి మందు ఇచ్చి వెళ్ళి, మళ్ళీ అట్ట పట్టుకొచ్చింది. ఈసారి ఏడుకొండలు ఆలోచించలేదు. తిన్నగా నవ్వే బొమ్మ మీద వేలు పెట్టాడు. ఆమె గోరు నొక్కి చూసింది. రంగు తిరిగొచ్చింది. మందు బాగా పనిచేసిందని సంతోషించి వెళ్ళిపోయింది.

"అదీ మా బావంటే," అని నాంచారయ్య అందరికేసీ గర్వంగా చూశాడు.

వచ్చినవాళ్ళు వెళ్ళిపోయారు. సామ్రాజ్యం క్యారేజీ కడగడానికి వెళ్ళింది. నాంచారయ్య ఒక అరటిపండు ఒలిచి బావ నోటికి అందించబోయి ఆగాడు. ఏడుకొండలు తువ్వాలు కొస పళ్ళ మధ్య పెట్టుకుని కొరుకుతున్నాడు. ఫ్యాను కింద పడుకున్న మనిషి మెడ మీద చెమట కారుతోంది. కట్టు చెయ్యి దుప్పటి కింద దాచుకున్నాడు.

నాంచారయ్యకి ఏదో జోకు నాలిక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. సలోమిని పిలవడానికి లేచాడు. ఏడుకొండలు వద్దన్నట్టు తలూపి, పక్క మంచం వైపు కళ్ళతో చూపించాడు. అక్కడ కుట్లాయన ఇంకా ఇటే చూస్తూ నవ్వు ముఖం పెట్టుకున్నాడు. నాంచారయ్య నిలబడ్డాడు. ఇప్పుడు పిలిస్తే బావ పరువేం కావాలి, రేపు షెడ్డులో అందరూ ఏమంటారు అనుకున్నాడు. కూర్చున్నాడు. ఒలిచిన పండు తనే తిన్నాడు.

ఆ రాత్రి సలోమి తర్వాత వచ్చిన నర్సు కూడా అట్ట చూపించింది. ఏడుకొండలు వేలు నవ్వే బొమ్మ మీదే ఉంది.

తెల్లవారాక డాక్టర్ పరిమళ వచ్చారు. ఆవిడ అట్ట చూపించలేదు. రోగి ముఖం ఒక్కసారి చూసి, దుప్పటి తీసి, చూపుడువేలిని మెల్లగా చాపబోయారు. ఏడుకొండలు పెట్టిన కేకకి వార్డంతా ఉలిక్కిపడింది. ఎవరూ నవ్వలేదు.

కట్టు అక్కడికక్కడే కోసేశారు. మళ్ళీ ఆపరేషన్ గదికి తీసుకెళ్ళి ముంజేతిని తెరిచి వాపుకి దారి ఇచ్చారు. కాని అప్పటికే కండ చచ్చిపోయింది. చెయ్యి మిగిలింది. వేళ్ళు మాత్రం లోపలికి ముడుచుకుపోయాయి. అవి ఇంక కుంచె పట్టుకోలేవని సర్జను సామ్రాజ్యానికి చెప్పారు.

ముందురోజు జరిగిందంతా నాంచారయ్య దాచకుండా పరిమళ గారికి చెప్పాడు.

"నొప్పి ఎంతో అడగమన్నాను. అడిగేటప్పుడు పక్కన ఎవరూ ఉండకూడదని చెప్పలేదు. అది నా లోపం," అన్నారావిడ. ఆనాటి నుంచి ఆ వార్డులో చుట్టాలని బయటికి పంపాకే రోగిని నొప్పి గురించి అడగడం మొదలుపెట్టారు. ఏడుకొండలుకి అది అక్కరకు రాలేదు.

నాంచారయ్య అక్కకి కూడా చెప్పాడు. సామ్రాజ్యం అంతా విని, క్యారేజీ తీసుకుని భర్త దగ్గరికి వెళ్ళిపోయింది. చెంప పగలగొట్టినా బాగుండుననిపించింది వాడికి.

వేళ్ళకి వ్యాయామం చేయించడానికి బావని నాంచారయ్యే బండి మీద తీసుకెళ్ళేవాడు. వేళ్ళు సాగదీస్తుంటే ఏడుకొండలు కళ్ళు మూసుకునేవాడు. ఒకరోజు అది ముగిశాక ఇద్దరూ బయట బల్ల మీద కూర్చున్నారు. ఎన్నాళ్ళుగానో గొంతులో ఉండిపోయిన మాట నాంచారయ్య అడిగేశాడు.

"అంత నొప్పి పుడుతుంటే నాకొక్కడికైనా చెప్పొచ్చు కదా బావా?"

ఏడుకొండలు వాడి వైపు తిరిగాడు. ముఖంలో కోపం లేదు. టైమెంతయిందని అడిగితే చెప్పినట్టు చెప్పాడు.

"ముందు చెప్పింది నీకేరా. నవ్వావు."

నాంచారయ్య లేచి, ముడుచుకుపోయిన ఆ చెయ్యి పట్టుకుని బావని బండి దగ్గరికి నడిపించాడు.

నొప్పి అన్నవాణ్ణి నవ్వులపాలు చెయ్యకూడదు; చేస్తే వాడి నొప్పి తగ్గదు, మనతో చెప్పడం మానేస్తాడు.