ఫాచెంగ్ వంతు గోడ

తన వంతు గోడ అందరికంటే ముందు పూర్తయిందని ఫాచెంగ్‌కు సంతోషం. గురువు దాన్ని చూసి కూడా ఒక్క మాట అనలేదని బాధ.

ఫాచెంగ్ యువ భిక్షువు. చీనా దేశపు ఉత్తర సరిహద్దులో, ఎడారి అంచున ఉన్న ఒక చిన్న ఆరామంలో జింగ్‌యాన్ అనే గురువు దగ్గర ఉంటున్నాడు. ఆ ఏడు ఇసుకగాలులకు సరిహద్దు మట్టిగోడ చాలా మేర కూలిపోయింది. చలి ముదిరి గోడ ముందున్న నది గడ్డకడితే, అవతలి శత్రువుల గుర్రపుదండు మంచు మీదుగా దాటి వచ్చేస్తుంది. అందుకని సైనికులూ, ఊరివాళ్లూ, భిక్షువులూ గోడను వంతులేసుకుని కడుతున్నారు.

పని తేలికైనది కాదు. రెండువైపులా చెక్క పలకలు నిలబెట్టి, మధ్యలో పలచగా మట్టి పోసి, రాయిలా బిగిసేదాకా దిమ్మిస అనే బరువైన మొద్దుతో కొట్టాలి. దానిమీద రెల్లు పరవాలి. మళ్లీ మట్టి, మళ్లీ దిమ్మిస.

ఫాచెంగ్‌కు అంత ఓపిక లేకపోయింది. మట్టి ఒక్కసారే మోకాలెత్తున పోశాడు. పైపైన కొట్టాడు. చివరికి బంకమట్టితో నున్నగా మెత్తాడు. చూసేవాళ్లకు అతని గోడే అందంగా కనిపించింది.

గురువు పని చేస్తున్నచోటికి వెళ్లాడు.

"గురువుగారూ, నా వంతు అయిపోయింది. మీదింకా నడుము ఎత్తు కూడా లేవలేదు."

"అవును."

"పొర పొరకీ ఇంతసేపు కొడుతూ ఉంటే నది గడ్డకట్టకుండా మనకోసం ఆగుతుందా?"

"ఆగదు" అన్నాడు గురువు, దిమ్మిస ఎత్తుతూ.

"నా గోడ చూశారా?"

"చూశాను."

"ఎలా ఉంది?"

గురువు దిమ్మిస కింద పెట్టి, చేతులు దులుపుకుని, ఊరివైపు నడిచాడు.

మర్నాడు పొద్దున ఆయన వెంట ఊళ్లోని ముసలివాళ్లూ, పసిపిల్లల తల్లులూ వచ్చారు. కొందరి చంకల్లో దుప్పట్ల మూటలున్నాయి. గురువు వాళ్లను తిన్నగా ఫాచెంగ్ గోడ దగ్గరికి తీసుకొచ్చాడు.

"దండు వస్తే ఎక్కడ తలదాచుకోవాలని అడిగారుగా. ఈ గోడ చాటున ఉండండి. దీన్ని మా ఫాచెంగ్ కట్టాడు."



ఆడవాళ్లు మూటలు దించారు. ఒక ముసలామె మనవరాలిని ఒళ్లో వేసుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. చేత్తో ఆ నున్నటి మట్టిని నిమిరింది.

"పోయినసారి నా కొడుకులిద్దరినీ దండు పొట్టనబెట్టుకుంది, నాయనా. నాకు మిగిలింది ఇదొక్కత్తే" అంది. తర్వాత మామూలుగా, నీళ్లు చల్లగా ఉన్నాయా అని అడిగినట్టు, "గోడ గట్టిదేనా?" అని అడిగింది.

ఫాచెంగ్ గురువువైపు చూశాడు. గురువు నదివైపు చూస్తున్నాడు.

"అమ్మా, అక్కణ్ణించి లేవండి" అన్నాడు ఫాచెంగ్.

"ఏం నాయనా?"

"లేవండి. అందరూ కాస్త ఎడంగా ఉండండి."

వెళ్లి గడ్డపార తెచ్చాడు. మొదటి పోటుకు పైపూత పెచ్చుగా ఊడింది. రెండో పోటుకు లోపలి మట్టి పిండిలా జారి అతని పాదాలమీద పడింది. చూస్తున్నవాళ్లకు సంగతి అర్థమైంది. ముసలామె మనవరాలిని ఇంకా దగ్గరికి హత్తుకుంది. ఎవరూ అతణ్ణి ఏమీ అనలేదు. ఏదైనా అనుంటే అతనికి కొంత తేలికయ్యేది.

అయినా అతను గడ్డపార దించలేదు. అరచేతుల్లో బొబ్బలు చిట్లితే అంగీ అంచు చింపి కట్టుకున్నాడు. గురువు పార తీసుకుని వచ్చి, పడ్డ మట్టిని ఒక పక్కకు తోడుతూ నిలబడ్డాడు. మధ్యాహ్నానికి ఆ అందమైన గోడ పునాది దాకా దిగిపోయింది.

అప్పుడే కావలి దళాధిపతి గుర్రం మీద అటు వచ్చాడు. గోడ ఉండవలసినచోట ఉన్న ఖాళీని చూసి అతని మొహం పాలిపోయింది.

"స్వామీ, నది అంచుల్లో అప్పుడే మంచు పేరుకుంటోంది. ఇలాంటప్పుడు మీ శిష్యుడు గోడ పడగొడుతున్నాడేమిటి?"

జింగ్‌యాన్ తల ఎత్తలేదు. ఇంకో పార మట్టి తోడాడు.

"లేదయ్యా" అన్నాడు. "ఇవాళే కట్టడం మొదలుపెట్టాడు."