కనుబొమ ఎగరేసిన రాజు

అనగనగా, మబ్బులు కోటగోడల మీద వాలి కునుకు తీసే ఒక కొండరాజ్యం. దాన్ని ధీరసింహుడనే రాజు ఏలుతున్నాడు. ఆయనకు ఏడేళ్ల కూతురు, హేమరేఖ. రోజూ పొద్దున్నే ఆ పాప నిండుసభలో నిలబడి పద్యాలు చదవాలి. ఒక్క అక్షరం తడబడినా రాజు ఏమీ అనేవాడు కాదు. ఎడమ కనుబొమ కొంచెం పైకెత్తేవాడు, అంతే.

కొన్నాళ్లకు హేమరేఖ జడ కొస నమలడం మొదలుపెట్టింది. "చిన్నతనం" అన్నాడు రాజు. తరవాత ఎంతో ఇష్టమైన పూతరేకులు కూడా పక్కకు నెట్టేసింది. "గారాబం" అన్నాడు రాజు. ఆ తరవాత పద్యం చదువుతూ అటూ ఇటూ ఊగసాగింది. "ఆహా, ఎంత లయ!" అని మురిశాడు రాజు. సభంతా తలలూపింది. సభకేం, రాజు మురిస్తే తానూ మురుస్తుంది! ఆ ముచ్చట కొద్దీ రాజు పాప పక్కన మద్దెల కూడా పెట్టించాడు.

మర్నాడు పద్యం మధ్యలో పాప గొంతు ఆగిపోయింది. నోరు తెరిచింది, మాట రాలేదు. ఆ రోజే కాదు, ఆ మర్నాడూ రాలేదు.

రాజు దిష్టి తీయించాడు. కషాయాలు తాగించాడు. తాయెత్తులు కట్టించాడు. పాప పెదవి విప్పలేదు.

అప్పుడు గజశాలలో ఏనుగుల్ని సాకే సింగమ్మ వచ్చి దణ్ణం పెట్టింది. "దొరా, పాపకు మాట పోలేదు. రోజూ మజ్జాన్నం మా గున్నతో మాట్లాడుతోంది. చప్పుడు చెయ్యకుండా నాతో రండి" అంది.

గజశాలలో ఎండ చారల మధ్య గడ్డి నుసి మెరుస్తూ తేలుతోంది. ఏనుగు గున్న ఒకటి నిలబడి అటూ ఇటూ ఊగుతోంది. హేమరేఖ దాని చెవి దగ్గర గుసగుసగా అడుగుతోంది: "నువ్వెందుకు ఊగుతావు? మీ నాన్నగారు కూడా కనుబొమ ఎగరేస్తారా?"

గడ్డివాము చాటునున్న రాజు చెయ్యి తన నుదుటి మీదికి పోయింది. కళ్లు నిండిపోయాయి.

సింగమ్మ మెల్లగా చెప్పింది: "దీన్ని యుద్ధభేరి పక్కన కట్టేశాం దొరా. ఊగుతుంటే నాట్యమనుకుని నవ్వుకున్నాం. అది బెదురని నాకు ఆలస్యంగా తెలిసింది. భేరి తీసేశాక మెల్లమెల్లగా తగ్గుతోంది. మొదటి రోజే చూసుంటే ఇంతదాకా వచ్చేదే కాదు."

రాజు కిరీటం తీసి గడ్డిలో పెట్టి, చాటు నుంచి వచ్చి కూతురి పక్కన చతికిలబడ్డాడు. పాప బిగుసుకుపోయింది. ఆయన ఆ పాప పద్యమే ఎత్తుకున్నాడు. రెండో పాదంలో మరిచిపోయాడు. "ఆ తరవాత నాకూ రావడం లేదు తల్లీ. పోనీలే" అన్నాడు.

హేమరేఖ ఆయన కనుబొమ వంక చాలాసేపు చూసింది. అది కదల్లేదు.

"నాన్నగారూ, మొదటి పాదం కూడా తప్పే" అంది చిన్నగా.

రాజు పకపకా నవ్వాడు. పాప కూడా నవ్వింది.

మర్నాటి నుంచి సభలో మద్దెల లేదు, పద్యం లేదు. పద్యాలన్నీ గజశాలకు చేరాయి, తప్పులతో సహా. నెల తిరిగేసరికి గున్న ఊగడం మానేసింది. హేమరేఖ జడ కొస మళ్లీ తడవలేదు.

కాబట్టి చిన్నలూ, పెద్దలూ! పసివాళ్ల బెదురు మాటకంటే ముందు చేతల్లో కనిపిస్తుంది. దాన్ని మొదటి రోజే గుర్తుపట్టి, కారణం తమలోనే ఉందేమో చూసుకున్న పెద్దలే అసలు వైద్యులు.