రెండు గు.పొం.లు, ఒక సొట్ట పెనం

అనగనగా ఒక అడవిలో, మూడు వాగులు కలిసే చోట, గుబురయ్య అనే ఎలుగుబంటి ఉండేవాడు. "భూమ్మీద గుంత పొంగనం కనిపెట్టిందే నేను!" అని రోజూ తొడకొట్టి చెప్పేవాడు. నిజానికి వాళ్ళ అమ్మమ్మ నేర్పింది. అదీ మూడు వాయిలు మాడ్చాక.

అతని కొట్టు బోర్డు మీద "గుబురయ్య పొంగనాలు" అని ఉండేది. అంత పొడుగు పేరు పలికే ఓపిక ఎవరికుంది? అందరూ "గు.పొం." అనేవాళ్ళు. అది వింటే చాలు, గుబురయ్య లేని మీసం మెలేసేవాడు.

వాగు అవతల గువ్వమ్మ అనే పావురం "గువ్వమ్మ పొంగనాలు" పెట్టింది. ఆమె పెనానికి ఏడు గుంతలు. ఏడో గుంతకి సొట్ట. అందులో కాలిన పొంగనానికీ బుగ్గన సొట్ట పడేది. ఆ సొట్టబుగ్గ కోసం కుందేలు పిల్లలు జుట్లు పట్టుకునేవి. జనం ఆ కొట్టునీ "గు.పొం." అనేశారు.

ఇంకేముంది! "గు.పొం." పేరు తనదేనని గుబురయ్య అడవి తగువులు తీర్చే తాబేలు తాత దగ్గర దావా వేశాడు.

"ఓడినవాళ్ళు బోర్డు దించాలి," అన్నాడు తాత. ఆ కొట్టే గువ్వమ్మ పిల్లలకి కూడు.

మొదటి వాయిదాలో గుబురయ్య, "'గు' నాది!" అన్నాడు.

"మరి గుర్రం, గుడ్లగూబ నీ అనుమతి తెచ్చుకోవాలా?" అన్నాడు తాత.

"వచ్చి అడిగితే ఆలోచిస్తా."

రెండో వాయిదాలో, "'పొం' కూడా నాదే!" అన్నాడు.

"పొంగలిని ఏం చేద్దాం మరి?"

"దానికి నోటీసు ఇచ్చేశా తాతా!"

మూడో వాయిదాకి తాతకి ఆకలేసింది. "పేరు తింటే కడుపు నిండదురా. రేపు ఇద్దరూ మీ పెనం మీద కాల్చిన వాయి ఒకటి పట్టుకురండి," అన్నాడు. గుబురయ్యకి ఎందుకో పొలమారింది.

మర్నాడు రెండు ఆకులు విప్పారు. "నీ ఆకులో ఆరే ఉన్నాయేం?" అన్నాడు తాత గుబురయ్యతో.

"మా వాయికి ఆరే!"

తాత ఒక్కోటి నోట్లో వేసుకున్నాడు. "రెండూ ఒకటే రుచి!"

"చూశారా! పేరే కాదు, రుచి కూడా కొట్టేసింది!" అని గంతేశాడు గుబురయ్య.

గువ్వమ్మ అతని ఆకులోకి తొంగి చూసింది. "అన్నా, నీ పెనానికీ సొట్ట ఉందా?"

"మా సొట్టబుగ్గ!" అని అరిచాయి తీర్పు చూడ్డానికి వచ్చిన కుందేలు పిల్లలు.

గుబురయ్య పెనం తెప్పించారు. సొట్ట లేదు. ఏడు గుంతల నిండా తుప్పు. ఒక గుంతలో సాలీడు కాపురం పెట్టేసింది.

గుబురయ్య తల దించుకున్నాడు. "దావా వేసిన రోజు నుంచి బోర్డు తుడవడంతోనే సరిపోయింది తాతా. పొయ్యి వెలిగించలేదు. రోజూ గొంగడి కప్పుకుని ఈవిడ దగ్గరే కొంటున్నా."

"రెండేసిసార్లు చట్నీ అడిగే గొంగడాయన నువ్వేనా!" అంది గువ్వమ్మ.

పెనం బాగుపడేదాకా గుబురయ్య బోర్డు దించమన్నాడు తాత. "నూనె రాసి, ఉల్లిపాయ ముక్కతో రుద్దు అన్నా. వారంలో దారికొస్తుంది," అంది గువ్వమ్మ నవ్వుతూ.

"అది సరే," అన్నాడు తాత. "ఏడు గుంతల పెనమేగా ఇద్దరిదీ. మరి ఆరే తెచ్చావేం?"

గుబురయ్య మూతి తుడుచుకున్నాడు.

"దారిలో ఒకటి తినేశా తాతా. ఏం చెయ్యను, బాగుంది!"

నీతి: బోర్డు ఎంత తుడిచినా పొంగనం కాలదు, పేరు నిలిపేది పెనమే.