తాత కోసం వేసిన దారి

అనగనగా మంచు కురిసే కొండవాలులో ఒక దేవదారు అడవి. మంచంటే మన గడ్డి మీద పొద్దున్నే మెరిసే చెమ్మ అనుకునేరు పిల్లలూ. అది కాదు. అక్కడ మంచు ఆకాశంలో ఎవరో పిండి జల్లిస్తున్నట్టు రాలుతుంది. చెట్టూ పుట్టా అంతా తెల్లగా కప్పేస్తుంది. దాని మీద ఎవరు నడిచినా అడుగు చెక్కుచెదరకుండా ఉండిపోతుంది.

ఆ అడవిలో తుర్రి అనే చెవులపిల్లి ఉండేది. చిన్న చప్పుడైతే చాలు, తుర్రుమనేది. అందుకే ఆ పేరు.

చలికాలం వస్తే ఒక వేటగాడు జాగిలాలను వెంటబెట్టుకుని ఆ కొండ ఎక్కేవాడు. మంచు మీద అడుగులు కనిపిస్తే వాటికి పండగే. ముక్కు నేలకానించి, ఆ అడుగుల వెంటే పడక దాకా వచ్చేసేవి. అందుకని అక్కడి చెవులపిల్లులు మేత మేసి తిన్నగా పడకలోకి వెళ్ళవు. పడక దాటి ముందుకు పోతాయి. మళ్ళీ తమ అడుగుల్లోనే అడుగులు వేసుకుంటూ వెనక్కి వస్తాయి. అక్కడి నుంచి పక్కకు ఒక్క గెంతు గెంతి పొదలో పడతాయి. జాగిలాలు వచ్చి, దారి తెగిపోయిన చోట వెర్రిమొహాలు వేసుకుని నిలబడతాయి. తుర్రి ఈ పనిలో ఆరితేరింది. పని కాగానే పొదలో ముడుచుకుని హాయిగా నిద్రపోయేది.

ఆ యేడు మొదటి మంచు పడిన ఉదయం తుర్రి ఒక సంగతి గమనించింది. పెద్ద బండ కింద సందులో చెక్కుచెవి తాత అనే ముసలి చెవులపిల్లి ఉండేవాడు. నిరుడు ఉచ్చులో పడి, ఎలాగో ప్రాణాలతో బయటపడ్డాడు. కానీ వెనక కాలు దెబ్బతింది. ఇప్పుడు నడవగలడు, గెంతలేడు. దాంతో అతని అడుగులు ఎవరో వేలు పెట్టి చూపించినట్టు తిన్నగా బండ కిందికే పోతున్నాయి.

తుర్రి వెంటనే తాత దగ్గరికి పరుగెత్తింది. తాతతో ఆ మాటే అంటే, ఉన్నన్నాళ్ళు ఉంటాను, నా గురించి నీకెందుకమ్మా బెంగ అని ఆయన కొట్టిపారేశాడు. తుర్రి ఊరుకోలేదు. బండ దగ్గరి అడుగుల మీదికి వెనక కాళ్ళతో మంచు తన్ని పూడ్చేసింది. తాత అడుగులు ఆగిన చోటి నుంచి తన అడుగులు కలిపి, బండ పక్కనుంచి వాగు దాకా నడిచింది. వాగులోని రాళ్ళ మీద గెంతి అవతలి గట్టు చేరింది. ఇప్పుడు చూసినవాళ్ళెవరైనా ఆ చెవులపిల్లి వాగు దాటి వెళ్ళిపోయిందనే అనుకుంటారు. ఆ తర్వాతే తుర్రి తన పొద సంగతి చూసుకుంది.

మరునాడు కూడా అంతే. ఆ రోజు చలిగాలి ఒకటి తోడైంది. చెట్టు మీద కూర్చుని ఇదంతా చూస్తున్న కౌజు పిన్ని ఆగలేకపోయింది. ఆ పిట్టకు ఎవరి పనైనా చూస్తూ మాట్లాడకుండా ఉండడం చేతకాదు.

"నీ పడక నువ్వు చూసుకుంటే చాలదటే? లోకంలోని బరువంతా నీ నెత్తినే ఉందా?" అంది.

"తాత గెంతలేడు, నేను గెంతగలను. అంతే కదా పిన్నీ," అంది తుర్రి, కాళ్ళకంటిన మంచు దులుపుకుంటూ.

మూడోనాటి రాత్రి మంచు దట్టంగా కురిసి, తెల్లవారేసరికి ఆగింది. పాత అడుగులన్నీ పూడిపోయాయి. తాత మేత నుంచి అప్పుడే కుంటుకుంటూ ఇల్లు చేరాడు. కొత్త మంచు మీద ఆయన అడుగులు తిన్నగా బండ దాకా కనిపిస్తున్నాయి. సరిగ్గా అప్పుడే లోయలోంచి జాగిలాల అరుపులు వినిపించాయి.

తుర్రి చెవులు నిక్కించింది. దాచాల్సిన పడకలు రెండు. ఉన్న సమయం ఒక్కదానికే సరిపోతుంది. దాని నాలుగు కాళ్ళూ తన పొద వైపే లాగాయి. తర్వాత బండ వైపు చూసింది. నాకు పరుగుంది, తాతకు ఆ సందు తప్ప ఏముంది అనుకుంది. వెంటనే బండ దగ్గరికి పోయి, అడుగులు పూడ్చి, వాగు దాకా దారి వేసి, రాళ్ళు దాటింది.

అవతలి గట్టు ఎక్కిందో లేదో, జాగిలాలు దాన్ని చూశాయి. ఇక తుర్రి తుర్రే. దేవదార్ల మధ్య నుంచి పైకి ఉరికింది. దాని తేలిక కాళ్ళు మంచు మీద తేలిపోతుంటే, జాగిలాలు పొట్ట దాకా కూరుకుపోతూ వెనకబడ్డాయి. వాగు గడ్డకట్టిన చోట దాటి, పెద్ద చుట్టు తిరిగి, కిందికి దిగింది. కానీ దానికి ఒగర్పు వచ్చేసింది. తన పొదకు వెళ్ళే దారి లేదు. వెళితే జాగిలాలను చేయిపట్టుకుని ఇంటికి పిలుచుకెళ్ళినట్టే. అలా పరుగెత్తుతూ, పొద్దున్న తను వేసిన దారిలోకే వచ్చి పడింది.

"ఇటు గెంతు తల్లీ," బండ కింద నుంచి తాత మెల్లగా పిలిచాడు.

"నా వెనకే వస్తున్నాయి తాతా. నీ మీదికి తేలేను."

"నీ అడుగులు వాగు దాకా ఉన్నాయి కదా, జాగిలాలు అటే పోతాయి. గెంతు."

తుర్రి ఉన్న బలమంతా కూడగట్టుకుని ఒక్క గెంతు గెంతి సందులో పడింది.  తాత దాని మీద గడ్డం ఆనించి కదలకుండా పడుకున్నాడు.

జాగిలాలు వచ్చాయి. అడుగులు కనిపిస్తున్నాయి కదా, ఆగే పనేముంది? బండ పక్కనుంచి సర్రున వాగుకు పోయాయి. రాళ్ళు దాటాయి. అవతల మళ్ళీ అడుగులే. వాటి వెంట దేవదార్లలోకి, గడ్డకట్టిన వాగు మీదికి, మళ్ళీ బండ దగ్గరికి. మొదటి చుట్టు తోకలు ఎత్తుకుని తిరిగాయి. రెండో చుట్టుకు తోకలు దిగాయి. మూడో చుట్టుకు నాలుకలు వేలాడాయి. వాటి పెద్దయిన గండుడు మంచు వాసన చూసి మొహం చిట్లించాడు.

"మనకన్నా ముందే ఇంకెవరో జాగిలాలను తెచ్చార్రా ఇక్కడికి," అన్నాడు.

కింద వేటగాడికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. విసిగిపోయి ఈల వేశాడు. జాగిలాలు బతికాంరా అనుకుంటూ దిగిపోయాయి. సందులో తుర్రి ఎప్పుడో నిద్రపోయింది. తాత మాత్రం మీసాల్లో నవ్వుకుంటూ కాపలా ఉన్నాడు.

ఆ రోజు నుంచి ఇద్దరికీ ఆ సందే ఇల్లయింది. ఒకటే పడక కనుక తుర్రికి పనీ సగానికి తగ్గింది. సాయంత్రం పూట తాత కబుర్లు చెబుతుంటే తుర్రి వెచ్చగా ఆనుకుని వినేది. దానికి అంత సుఖం ఎన్నడూ లేదు.

ఒకరోజు కౌజు పిన్ని బండ మీద వాలింది. చాలాసేపు వాతావరణం గురించి మాట్లాడింది. చివరికి అసలు సంగతి చెప్పింది.

"నా గూడు కూడా ఆ వాగు దారిలోనే ఉందే అమ్మా. రేపు వెళ్ళేటప్పుడు, జాగిలాలు ఆగకుండా పోయేలా దాని పక్కనుంచి కూడా నాలుగడుగులు వేస్తావా?"

తుర్రి నవ్వింది. మర్నాడు పొద్దున్నే వేసింది కూడా.

నీతి: తోటివారి కోసం మనం వేసిన దారే, అలసిపోయిన రోజున మనల్ని క్షేమంగా ఇల్లు చేరుస్తుంది.