గీత అవతలి పొలం

చిదంబరయ్యగారు అడిగిన వెంటనే జవాబు చెప్పే మనిషి కాదు. చేతిలో పని ముగించి, కాళ్లు కడుక్కుని వచ్చి కూర్చున్నాకే నోరు విప్పేవారు. ఆ ఉదయం ఆయన ఆశ్రమం వెనక చిక్కుడు పాదుకు పందిరి వేస్తుండగా శిష్యుడు లింగమూర్తి వచ్చాడు. కొత్తగా వేయబోయే పెద్ద రోడ్డు ఆశ్రమం మీదుగా పోతుందని పంచాయతీ ఆఫీసు గోడకు నోటీసు అంటించారట. అభ్యంతరాలుంటే రాసి ఇవ్వవచ్చు, గురువారం జరిగే సభలో నోటితోనైనా చెప్పుకోవచ్చు.

“వెళ్లి మాట్లాడితే ఫలముంటుందా, గురువుగారూ? పెద్దలు గీసేసిన గీత మన మాటకు జరుగుతుందా?” అని అడిగాడు లింగమూర్తి.

గురువుగారు పందిరి కట్టడం ముగించి వచ్చి కూర్చున్నారు. “గున్నమ్మ మాటకు జరిగింది,” అని, ఆమె కథ ఇలా చెప్పారు.

గున్నమ్మది కొండవాలున ఒక చిన్న ఊరు. భర్త పోయాక ఆయన నాటిన జీడితోటే ఆమెకు ఆధారం. ఇలాంటి రోడ్డే ఒకటి ఆ తోటను మధ్యకు చీల్చుకుంటూ పోతుందని తెలిసింది. ఊళ్లో చాలామంది అక్కడ పెట్టిన సభకు వెళ్లలేదు. వాళ్లు చేసేది చేస్తారు, మనల్ని అడగడం మొక్కుబడి, అనుకున్నారు. గున్నమ్మ మాత్రం వెళ్లింది. షామియానా కింద మైకు ఇస్తే దాన్ని ఎలా పట్టుకోవాలో తెలియక పక్కన పెట్టి, “బాబూ, ఈ తోట పోతే నాకు ఇంకో బతుకు తెలీదు. వేరే దారుందేమో చూడండి,” అంది. అధికారి ఆమెను కూర్చోబెట్టి, పటం విప్పి, తోట ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో అడిగి రాసుకున్నాడు.

వానలు తగ్గాక ఇంజనీర్లు మళ్లీ వచ్చి కొత్తగా రాళ్లు పాతారు. గీత జీడితోటను వదిలేసింది. గున్నమ్మ ఊరంతా బెల్లం పంచింది.

ఆ కొత్త రాళ్లు ఊరి పక్కన పారే గెడ్డ అవతల అసిరినాయుడి పొలంలో పడ్డాయని ఆమె తర్వాత విన్నది. సభకు రానివాళ్లలో అతనూ ఒకడు. ఆ ఎండాకాలమే అప్పో సొప్పో చేసి బావి తవ్వించుకున్నాడు. గున్నమ్మ వెళ్లేసరికి ఆ బావి గట్టు మీదే కూర్చుని ఉన్నాడు.

“చూసి పోదామని వచ్చావా, అప్పా?” అన్నాడు, అక్క వరసతోనే.

“నేను నా తోట గురించే చెప్పాను తమ్ముడా. నీ పేరెత్తలేదు.”

“ఎత్తలేదు. ఎత్తుంటే బాగుండేది.”

గున్నమ్మ బావిలోకి ఒకసారి తొంగి చూసి, వచ్చిన దారినే వెళ్లిపోయింది.

గీత మారింది కనుక మళ్లీ సభ పెట్టారు. ఈసారి గున్నమ్మ ముందుగా అసిరినాయుడి గడపకు వెళ్లి, రమ్మని పిలిచింది.

“వస్తే నీ తోట మీదికే మళ్లించమని అడుగుతాను,” అన్నాడతను.

“అడుగు. అడగడానికే రమ్మంటున్నాను.”

అతను వచ్చాడు, అన్నట్టే అడిగాడు. బావి గురించి చెబుతూ మధ్యలోనే కూర్చుండిపోయాడు. అధికారి గున్నమ్మ వైపు తిరిగి, “నువ్వేమంటావమ్మా?” అన్నాడు. ఇక తగవే అనుకుని జనం ముందుకు జరిగారు.

గున్నమ్మ లేచి నిలబడింది. తోట పోతే ఎలా బతకాలో ఆమెకు అప్పుడూ తెలియదు. “అసిరి చెప్పింది నిజం బాబూ. పోయినసారి నేను చెప్పిందీ నిజమే. ఆ రోజు ఇతని మాట మీ చెవిన పడలేదు. ఇప్పుడు రెండూ ముందు పెట్టుకుని చూడండి,” అంది.

చివరకు రోడ్డు గెడ్డ గట్టు వెంబడి పోయింది. బావి నిలిచింది గాని అసిరినాయుడికి వరినారు పోసుకునే ఆకుమడి పోయింది. తోట నిలిచింది గాని గున్నమ్మకు దిగువ వరుస పోయింది. పెళ్లయిన కొత్తలో భర్త మొదట నాటిన చెట్లు అవే. వాటిని కొట్టేసిన రోజు అసిరినాయుడు పిలవకుండానే బండి కట్టుకుని వచ్చాడు. కట్టె అంతా ఆమె ఇంటికి చేర్చాడు. గున్నమ్మ కళ్లు తుడుచుకుని అతనికి అంబలి పోసింది.

గురువుగారు అక్కడితో ఆపారు. లింగమూర్తికి మనసొప్పలేదు.

“ఆమె అతన్ని పిలవకపోతే తోటంతా నిలిచేది కదా?”

“నిలిచేది,” అన్నారు గురువుగారు.

“అయితే గురువారం మనం సభకు వెళ్దామా?” అని అడిగాడు శిష్యుడు.

“వెళ్దాం. మన మీంచి గీత జరిగితే ఎవరింటి మీద పడుతుందో, ముందు నడిచి చూసి రా.”